ఇంటికొక్కరే

మా మనవరాలికి చెవులు కుట్టించే పండుగ పెట్టుకున్నాం. మేడ మీద నలభై మందికి మనమే వండుకుందామని మా కోడలు పట్టుబట్టింది. నాకూ అదే ఇష్టం. బయటివాళ్ళ వంటను నేను నమ్మను. మూతలు బిగించి తెచ్చే ఆ కూరల్లో ఏ నూనె పోశారో, అది ఏనాటి మాంసమో దేవుడికే తెలియాలి. జనగామలో వీధికొకడు వంటలు అందిస్తానని బోర్డు పెట్టాడు. వాళ్ళలో ఒక్కడైనా తాను వండింది తాను తింటాడా అని నా అనుమానం.

టెంట్ హౌస్ నుంచి రెండు పెద్ద వంట గంజులు వారం ముందే తెప్పించాను. అడుగున గోరుతో గీకి వాసన చూశాను. ఎవరి ఇంటి పులుసో ఇంకా పోలేదు. మళ్ళీ తోమించాను. కోడలు నవ్వింది. నవ్వనీ, నాకేం.

ఆ తర్వాత ఫోన్లో పిలుపు కార్డు చూపించింది. చిలకలు, పూలు, పిల్ల ఫోటో, అన్నీ బాగున్నాయి. కింద ఒక మాట దగ్గర నా కన్ను ఆగింది. ‘కుటుంబ సమేతంగా విచ్చేసి’ అని ఉంది.

"ఎవరు రాసిన్రు గీ ముక్క?" అన్నాను.

"అన్ని కార్డుల మీద గట్లనే ఉంటది అత్తమ్మా. ఎవరు పట్టించుకుంటరు?"

"నలభై మందికి వండుతున్నవా, నాలుగు వందల మందికా? తియ్యి ముందుగాల. ఇంకెవరికి పంపకు."

"ఏంది అత్తమ్మా, గింత పరేషాన్ ఎందుకు?"

ఆ మాట తీసేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. దానికి కారణం మా కోడలికి చెప్పలేదు. మా ఆయన బతికి ఉన్నప్పుడు ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, వినండి.

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగి పొలాల గట్ల మీద గంటసేపు నడిస్తే మా ఊరు వచ్చేది. నీళ్ళకు కటకటలాడే నేల. మా బాపు, అంటే నాన్న, ఆయన తమ్ముడు మా చిన్నాయిన కలిసి ఏడాదిపాటు బావి తవ్వించారు. బండ వచ్చింది. బండ కింద మళ్ళీ బండే వచ్చింది. ఊరంతా మా వెనుక నవ్వుకున్నారు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం బావి తవ్వే మేస్త్రి తడిసిన తలపాగాతో మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, మాట రాక, ఆ తలపాగా పిండి చూపించాడు. మా బాపు అక్కడే కూలబడి ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

నీళ్ళు పడితే గంగమ్మకు మేకను కోసి దావత్ చేయాలి. బావి తవ్వినవాళ్ళు చివరి బంతిలో ఇంటివాళ్ళ పక్కన కూర్చుని తినాలి. వాళ్ళు కడుపు నిండా తిని, తృప్తిగా చేయి కడుక్కుంటేనే బావిలో నీళ్ళు నిలుస్తాయని మా దగ్గర నమ్మకం. ఆ చేయి కడిగిన నీళ్ళు కూడా బావి దగ్గర మట్టిలోనే పోయాలి.

ఈ దావత్‌కు పెత్తనమంతా మా బాపమ్మది. బాపును కన్న తల్లి. ఆమె నమ్మని మనిషి ఈ భూమ్మీద లేడు అంటే తప్పు. ఆమె నమ్మిన మనిషి లేడు అనాలి. కిరాణం షావుకారి మిరియాల్లో బొప్పాయి గింజలు ఏరేది. నువ్వుల నూనె అరచేతిలో పోసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, షావుకారిని తాత ముత్తాతల దాకా తిట్టేది. మేక కోసేవాడి పక్కన పీట వేసుకుని కూర్చునేది.

"కార్జం ఏది?" అనేది.

"ఇంక కడుపు కొయ్యనేలేదు కదనే పెద్దవ్వా!" అనేవాడు అతను.

"కోసినంక మాయమైతదనే ముందుగాల అడుగుతున్న."

డబ్బాల్లో పొడులకు ఆమె వేసే కాపలా వేరు. కారమైనా, పిండైనా, బెల్లం కలిపిన నువ్వుల పొడైనా పైభాగం చదును చేసి, దాని మీద తన అరచేయి ఒత్తి మూత పెట్టేది. అయిదు వేళ్ళ అచ్చు పడేది. ఎవరైనా చెంచాడు తీస్తే అచ్చు చెదురుతుంది, దొంగ దొరుకుతుంది. ఎంత తెలివో చూడండి!

ఆ ఏడాదే మా చిన్నమ్మ కాపురానికి వచ్చింది. చిన్నాయిన భార్య. బయ్యారం వైపు పిల్ల. అక్కడి మట్టి ఎర్రగా ఉంటుంది, ఆమె తెచ్చుకున్న చీరల అంచులకు ఆ ఎరుపు ఎంత ఉతికినా పోలేదు. బాపమ్మకు అది కూడా అనుమానమే. "గా ఎరుపు ఏంది? పాత చీరలు కట్టి పంపిన్రా ఏంది?" అని చీరలు ఎండలో తిప్పి చూసేది. చిన్నమ్మ కిమ్మనేది కాదు.

మా అవ్వకు, అంటే మా అమ్మకు, మాత్రం చిన్నమ్మ అంటే ప్రాణం. పెద్ద కోడలు, చిన్న కోడలు ఒకే కంచంలో తినేవాళ్ళు. మధ్యాహ్నాలు ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ బాపమ్మ నడకను, దగ్గును అనుకరించి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేవాళ్ళు. తోడికోడళ్ళు అలా ఉండడం బాపమ్మకు అసలు నచ్చలేదు. "రెండు కత్తులు ఒక ఒరల ఉన్నయంటే నడుమ ఏదో ఉంది" అనేది.

ఒకరోజు నేను నువ్వుల పొడి దొంగిలించాను. రెండు పిడికిళ్ళు తిన్నాక భయం పట్టుకుంది. పైన చదును చేసి నా చేయి ఒత్తాను. పదేళ్ళ పిల్ల చేయి ఎంత ఉంటుంది? అచ్చు చూస్తే కోతి చేయిలా ఉంది. నేను ఏడుపు మొహంతో నిలబడితే చిన్నమ్మ వచ్చింది. డబ్బా చూసింది, నన్ను చూసింది. గాజులు మోచేతి దాకా తోసుకుని, పొడి చదును చేసి, తన అరచేయి ఒత్తి మూత పెట్టింది. సాయంత్రం బాపమ్మ మూత తీసి, వంగి చూసి, "సరిగనే ఉన్నది" అంది. నాకు నవ్వు ఆగలేదు. చిన్నమ్మ నా నోరు మూసి పెరట్లోకి లాక్కెళ్ళింది. ఆమె చేతికి నువ్వుల వాసన.

ఇక దావత్ సంగతి. ఒక మేక. మా వాడలో నలభై ఇళ్ళు. ఇంటికొక్కరు, బావి తవ్విన ఆరుగురు, మేము. బాపమ్మ వేళ్ళ మీద లెక్క వేసి ఇంకొక ముక్క కూడా ఎక్కువ లేదని తేల్చింది. మా ఊళ్ళో పిలుపులు రెండు రకాలు. ‘ఇంటికొక్కరు రావాలె’ అంటే ఒకరే రావాలి, ఎవరూ తప్పు పట్టరు. ‘ఇంటిల్లిపాది రావాలె, పొయ్యి ముట్టియ్యొద్దు’ అంటే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, చంటిపిల్లతో సహా అందరూ మన ఇంటికే వస్తారు.

వంట ఎవరు చేయాలన్న మాట వచ్చినప్పుడు మా అవ్వ ఒక పని చేసింది. మా ఇంట్లో దావత్ గంజు దగ్గర గరిటె పట్టే హక్కు పెద్ద కోడలిది. అది చిన్న సంగతి కాదు, ఊరి ఆడవాళ్ళు చూసేది ఆ చేతినే. అవ్వ అత్త ముందు నిలబడి, "ఈపాలి చెల్లె వండుతది. బగార అన్నం ఆమెకు మంచిగొస్తది" అంది.

"ఆకులేసి అన్నం వండుడేంది? పసరు వాసనొస్తె ఎవలు తింటరు?" అని బాపమ్మ సణిగింది. కానీ ఒప్పుకుంది. చిన్నమ్మ ముఖం ఆ రోజు వెలిగిపోయింది. పుట్టింటికి కబురు కూడా పంపింది.

దావత్ ముందు రోజు పొద్దున్న పిలుపులకు చిన్నమ్మను, నన్ను పంపారు. కొత్త కోడలు ఊరి పెద్దల ముందు నోరు తెరిచి మాట్లాడకూడదు. ఆమె తల మీద కొంగుతో వెళ్ళి బొట్టు పెడుతుంది, మాట మాత్రం ఇంటి ఆడపిల్ల చెప్పాలి. అంటే నేను. ఎంత గర్వమో నాకు! లంగా సర్దుకుంటూ అయిదిళ్ళలో గొంతెత్తి చెప్పాను: "రేపు మా బాయి దావత్. ఇంటికొక్కరు రావాలె."

ఆరో ఇల్లు నా సోపతిది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల. తమ్ముళ్ళిద్దరినీ పట్టుకుని గడప మీద కూర్చుంది. వాళ్ళ అమ్మ బొట్టు పెట్టించుకుని, "ఎవలు రావాలె బిడ్డా?" అని అడిగింది. సోపతి నా నోటి వంకే చూస్తోంది. ఇంటికొక్కరు అంటే వాళ్ళ నాయిన వస్తాడు, ఇది రాదు. ఆ ఇంట్లో మాంసం వాసన ఏడాదికి ఒక్కసారి.

"అందరు రావాలె. ఇంటిల్లిపాది. పొయ్యి ముట్టియ్యొద్దు" అనేశాను.

బయటికి రాగానే చిన్నమ్మ నా చేయి పట్టుకుంది. "గట్లన్నవేందే?"

"ఒక్కింటికే గదా చిన్నమ్మా."

ఒక్క ఇంటితో ఆగుతుందా? ఆ ఇంటికీ పక్కింటికీ నడుమ మట్టిగోడే. పక్కింటామె అప్పటికే వాకిట్లోకి వచ్చి, "మాకు గూడ పొయ్యి బందేనా?" అని నవ్వుతూ నిలబడింది. వాళ్ళను అందరినీ పిలిచి వీళ్ళను ఒక్కరినే పిలుస్తామా? అవునన్నాను. మిగతా ముప్పై మూడు ఇళ్ళలోనూ అదే అనాల్సి వచ్చింది. చిన్నమ్మ ప్రతి ఇంట్లో బొట్టు పెడుతూ కొంగు చాటు నుంచి నన్ను గిల్లుతూనే ఉంది. నోరు తెరిచి కాదనడానికి ఆమెకు వీల్లేదు.

"పోయి అక్కకన్న చెప్దాం. ఏదన్న దారి చూస్తది" అంది తిరిగి వస్తూ.

"అవ్వకు చెప్పొద్దు! అవ్వకు అసలే చెప్పొద్దు. నా మీద ఒట్టు" అని ఆమె చేయి నా నెత్తిన పెట్టుకున్నాను. అవ్వ చేతి దెబ్బలు నాకు తెలుసు. చిన్నమ్మ నన్ను అదోలా చూసి, చేయి వెనక్కి లాక్కుంది. తానొక్కతే ఆ రాత్రి రెండు మానికల బియ్యం ఎక్కువ నానబెట్టింది. బియ్యం పెంచింది గానీ మేకను ఎలా పెంచుతుంది?

దావత్ రోజు వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి. వేడి నూనెలో షాజీరా, పుదీనా పడగానే ఆ ఘుమఘుమకు బాపమ్మ కూడా సణుగుడు మరిచిపోయింది. వేయించిన ధనియాలు, కొబ్బరి వేసిన కూర కుతకుత ఉడుకుతోంది. బాపమ్మ కర్ర పట్టుకుని గంజు పక్కన కాపలా కూర్చుంది. కాకిని అదిలించింది, కుక్కను అదిలించింది, ఉప్పు చూస్తానన్న తన సొంత తమ్ముడినీ అదిలించింది.

మొదటి బంతి మోదుగ విస్తళ్ళ ముందు కూర్చుంది. అందరూ మగవాళ్ళే, బాగానే ఉంది. రెండో బంతికి ఆడవాళ్ళు వచ్చారు. చంకలో పిల్లలు, చేయి పట్టుకున్న పిల్లలు, కర్ర ఊతంతో ముసలమ్మలు. బాపమ్మ లేచి నిలబడింది.

"గీ మందంత ఎక్కడిదే?"

అవ్వ ముఖం తెల్లబోయింది. పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి కూరలో పోసింది. మూడో బంతికి మళ్ళీ పోసింది. "కూరనా, చారా?" అని ఎవరో గట్టిగానే అన్నారు. నా సోపతి తమ్ముళ్ళతో కూర్చుని వేళ్ళు నాకుతూ నన్ను చూసి నవ్వింది. నేను తిరిగి నవ్వలేకపోయాను.

చివరి బంతిలో బావి తవ్విన ఆరుగురు, మా బాపు పక్కన. తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. చిన్నమ్మ గరిటె గంజు అడుగున గీరిన చప్పుడు అందరికీ వినిపించింది. మేస్త్రి విస్తరిలో ఇంత పులుసు పడింది, ఒక్క ముక్క లేదు. మా బాపు తల వంచుకున్నాడు. ఏడాది బండలు కొట్టినవాళ్ళు వాళ్ళు!

"ఏం పర్వలేదన్నా. పచ్చిపులుసు మస్తున్నది" అన్నాడు మేస్త్రి. కానీ సగం అన్నం విస్తరిలో వదిలేసి లేచాడు.

జనం వెళ్ళాక బాపమ్మ కర్ర నేలకు కొట్టింది. అందరం నిలబడ్డాం.

"ఇంటికొక్కరని నేను చెప్తె ఇంటిల్లిపాది ఎట్లొచ్చిన్రు? పిలుపుకు పోయింది మీరిద్దరే. ఎవలన్నరు గా మాట?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అవ్వ వెనక్కి వెళ్ళి కొంగు పట్టుకున్నాను. పొగ వాసన, ఉల్లిగడ్డ వాసన. చిన్నమ్మ నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానని చూస్తోంది. ఆమె అలా చూసినకొద్దీ నాకు భయం ఎక్కువైంది.

"చిన్నమ్మనే గట్ల చెప్పుమన్నది" అన్నాను.

"అనుకున్న!" అంది బాపమ్మ. "గా ఎర్రమట్టిదాని మీద నాకు మొదటిసంది అనుమానమే. లగ్గంల మనోళ్ళు వాళ్ళ పెట్టుపోతలకు వంక పెట్టిన్రని, మన ఇజ్జత్ తీసింది. ఇంక గంజు కాడికి వస్తే కాళ్ళిరగ్గొడ్త."

చిన్నమ్మ అప్పుడు నన్ను చూడలేదు. నా తల మీదుగా మా అవ్వను చూసింది. అవ్వకు అత్తంటే హడల్. నోరు విప్పలేదు, నా నెత్తి మీద చేయి మాత్రం వేసింది. ఆ చేయి ఎంత తప్పు చేసిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

ఎండాకాలంలో మా బావి అడుగంటింది. ఊళ్ళో అన్ని బావులూ అడుగంటాయి, అయినా బాపమ్మ మాకు మాత్రం చిన్నమ్మ వల్లే అంది. దసరా తర్వాత చిన్నాయిన వేరు పడి స్టేషన్ ఘన్‌పూర్ వెళ్ళిపోయాడు. గంజు దగ్గర గరిటె మళ్ళీ మా అవ్వ చేతికే వచ్చింది. నా పెళ్ళి, తమ్ముడి పెళ్ళి, పిల్లల తొట్టెల పండుగలు, అన్నిటికీ అవ్వే వండింది. చిన్నమ్మ ప్రతిదానికీ వచ్చేది. బొట్టు పెట్టేది, బట్టలు పెట్టేది, తినమంటే మాత్రం "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అనేది.

"ఆదివారం ఒక్కపొద్దు, బుధవారం ఒక్కపొద్దు, ఏ దేవునికే చెల్లే ఇన్ని? ఒక్క బుక్క తినరాదు. నేనేం చేసిన్నే?" అని అవ్వ నవ్వుతూ అడిగేది. కొన్నాళ్ళకు ఏడుస్తూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. మూడేళ్ళ కింద దవాఖానలో పోయేముందు కూడా, "మీ చిన్నమ్మ నా చేతిది ఎందుకు తినదో అడుగవే" అంది నాతో. అడుగుతానన్నాను. పదేళ్ళ పిల్లను కాను కదా అప్పుడు, అరవై దాటినదాన్ని. అప్పుడైనా అవ్వకు చెప్పొచ్చు కదా? చెప్పలేదు. సిగ్గు.

మనవరాలి పండుగకు చిన్నమ్మను ఫోన్లో పిలవడానికి మనసు రాలేదు. బస్సెక్కి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. బొట్టు పెట్టి, పక్కన కూర్చుని, చెప్పేశాను. నిన్ను ఇరికించింది నేనే, భయపడి అబద్ధం ఆడాను అని.

"నువ్వన్నవని నాకెర్క లేదా? నీ పక్కనే ఉంటి గదనే" అంది. ఆమె చేతులు ఆగలేదు. "మీ అవ్వ నేర్పి పంపింది గదా."

నాకు అర్థం కాలేదు. "ఏం నేర్పింది చిన్నమ్మా?"

"గరిటె నాకిచ్చె. మనసుల ఇయ్యబుద్ధి కాలేదు. అందరి ముందు నన్ను తప్పువట్టి మళ్ళ తీసుకునుడికి నిన్ను పంపె. అవ్వకు చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయిస్తివి. ఆమె కొంగు వట్టుకొని నా పేరు చెప్తివి. ఆమె నీ నెత్తి మీద చెయ్యి వెట్టె, శాబాష్ అన్నట్టు."

"కాదు చిన్నమ్మా! అవ్వకు ఏం తెల్వదు. దేవుని తోడు, నా సోపతి కోసం నేనే అన్న. అవ్వ కొడ్తదని చెప్పొద్దన్న. సచ్చేదాక అవ్వకు ఆ సంగతే తెల్వదు."

ఎల్లిగడ్డ ఆమె చేతిలోంచి జారింది. ఒలిచిన రెబ్బలు, పొట్టు కలిపి ఒకే గిన్నెలో వేసింది.

"నేనేం చేసిన్నే అని అడుగుతుండె గదా," అంది. "అన్ని ఎర్కుండి నా మొహాన నవ్వుకుంట అడుగుతున్నదనుకున్న. యాభై ఏండ్లాయె." తర్వాత నా వైపు తిరిగింది. "గిది నాకెందుకు చెప్తున్నవే? ఆమెకు చెప్పకపోతివి?"

వస్తావా అని కూడా అడగకుండా లేచి వచ్చేశాను.

ఆదివారం చిన్నమ్మ వచ్చింది. పిల్లకు వెండి పట్టీలు పెట్టింది. తర్వాత ఎవరూ పిలవకుండానే మేడ మీద బంతిలో కూర్చుంది. కోడలు బగార అన్నం, మేక కూర వడ్డించింది. ఆ కూర మా అవ్వ పద్ధతిలోనే నేను చేశాను, కానీ నాది అవ్వ చేయి కాదు. చిన్నమ్మ రెండు బుక్కలు మెల్లగా నమిలింది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

"మీ అవ్వ కూర గిట్లనే ఉండెనా?" అని అడిగింది.

"కొంచెం గిట్లనే, చిన్నమ్మా."

"యాదికి తెచ్చుకుందామని నాలుగు దినాలసంది చూస్తున్న. ఒక్క కంచంల తిన్నోళ్ళం. ఎట్లుండెనో యాదికొస్తలేదే." ఇంకో బుక్క నోట్లో పెట్టుకుంది. "జర చెప్పు బిడ్డా, ఎట్లుండె?"

చెప్పాలని చూశాను. ధనియాలు ఎక్కువ వేసేది అన్నాను. కొబ్బరి నల్లగా మాడేదాకా కాల్చేది అన్నాను. చిన్నమ్మ ఇంకా చెప్పమన్నట్టు నా నోటి వంకే చూస్తోంది. అంతకంటే నాకు చెప్పడం రాలేదు.